రెండో రేడియేటర్ కొనకండి, ముందు నాలుగు స్క్రూలు విప్పండి

ప్రశ్న: నేను విజయవాడలో ఉంటాను. ఇంటి నుంచే త్రీడీ యానిమేషన్ పనులు చేస్తాను. నాలుగు నెలల క్రితం నా రైజెన్ 9 7950ఎక్స్ ప్రాసెసర్‌కు సొంతంగా వాటర్ కూలింగ్ బిగించుకున్నాను. క్యాబినెట్ పైభాగాన ఒక 360 మి.మీ. రేడియేటర్, డీ5 పంపు, మెత్తని గొట్టాలు, ప్రాసెసర్ మీద, లోపల నీళ్లు పారే, నికెల్ పూత వేసిన రాగి బ్లాక్. గ్రాఫిక్స్ కార్డును ఈ నీళ్లకు కలపలేదు. బ్లెండర్‌లో రెండరింగ్ మొదలుపెట్టిన పది సెకన్లకే ప్రాసెసర్ 95 డిగ్రీలకు చేరి అక్కడే నిలబడుతోంది. పని లేనప్పుడు కూడా 52 ఉంటోంది. అరగంట నడిచాక నీళ్ల వేడి 41, గదిలో 34. వేడి, వాట్లు చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో సాఫ్ట్‌వేర్‌లో పీపీటీ (ప్రాసెసర్ లాగే వాట్ల లెక్క) 160 వాట్ల దగ్గర ఆగిపోతోంది. విడిభాగాలు అమ్మిన దుకాణంవారు ఇంకో రేడియేటర్ వేసుకుని, పంపు కూడా పెద్దది పెట్టమంటున్నారు. స్నేహితుడు ఐసు నీళ్లు పోయమంటున్నాడు. మా అమ్మ అయితే "కరెంటు పెట్టెలో నీళ్లేమిటిరా" అని మొదటి రోజు నుంచీ గొడవ. మెషిన్ ఫొటో ఒకటి, బ్లాక్ ఊడదీసినప్పటి ఫొటో ఒకటి పంపుతున్నాను. ఏం చేయమంటారు?
— పేరు వేయవద్దన్న పాఠకుడు

సమాధానం:

ముందు మిమ్మల్ని మెచ్చుకోవాలి. ఇలాంటి ఉత్తరాల్లో చాలావాటిలో ఉండేది ఒకటే వాక్యం: "95 వస్తోంది, ఏం చేయాలి?" మీరు గది వేడి, నీళ్ల వేడి, ప్రాసెసర్ వేడి, అది లాగుతున్న వాట్లు, నాలుగూ రాశారు. నాలుగూ ఉన్నాయి కాబట్టి జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. దుకాణంవారు దాన్ని చదవలేదు, అంతే.

ప్రాసెసర్‌లో పుట్టిన వేడి గదిలోకి చేరడానికి రెండు మెట్లు దిగాలి. మొదటిది ప్రాసెసర్ నుంచి నీళ్లలోకి. ఇది బ్లాక్, దానికీ ప్రాసెసర్‌కూ మధ్య పూసే పేస్ట్, స్క్రూల పని. రెండోది నీళ్లలో నుంచి గాలిలోకి. ఇది రేడియేటర్, ఫ్యాన్ల పని. ఏ మెట్టు ఎంత ఎత్తుందో కొలిస్తే తప్పు ఎక్కడుందో తెలిసిపోతుంది. మీ నీళ్లు 41, గది 34, తేడా 7 డిగ్రీలు. రేడియేటర్‌కు ఇది మంచి లెక్క. పది లోపు ఉంటే ఎవరూ ఫిర్యాదు చేయనక్కర్లేదు. ఇక ప్రాసెసర్ 95, నీళ్లు 41. తేడా 54! అదీ 160 వాట్లకే. మీ ఇబ్బంది మొత్తం ఈ మెట్టులోనే ఉంది. రెండో రేడియేటర్ పెడితే ఏం జరుగుతుంది? ఆ 7 కాస్తా 4 అవుతుంది. 54 మాత్రం 54 గానే ఉంటుంది. మోకాలికి దెబ్బ తగిలితే తలకు కట్టు కట్టినట్టు.

ఈ మొదటి మెట్టు ఎందుకంత కష్టమో కూడా తెలుసుకుంటే బ్లాక్ బిగించేటప్పుడు చేతికి జాగ్రత్త దానంతటదే వస్తుంది. 7950ఎక్స్ మీది లోహపు మూత పెద్దగా కనిపిస్తుంది కానీ దాని కింద కోర్లు (లెక్కలు చేసే భాగాలు) ఉన్న చిప్పులు రెండే. ఒక్కోటి దాదాపు 71 చదరపు మిల్లీమీటర్లు. రెండూ కలిపినా రూపాయి బిళ్ల విస్తీర్ణంలో సగం ఉండవు. ఫుల్ లోడులో ఆ ప్రాసెసర్ లాగే 230 వాట్లలో ఎక్కువ భాగం ఆ కాస్త చోటులోనే వేడిగా మారుతుంది. మీ ఇంట్లో ఇస్త్రీపెట్టె వెయ్యి వాట్లదైనా ఆ వేడి అంత పెద్ద పళ్లెం మీద పరుచుకుంటుంది. చదరపు సెంటీమీటరుకు లెక్కగడితే ప్రాసెసర్ వేడి దానికి ఇరవై రెట్ల పైనే. పైగా పాత ఏఎమ్4 సాకెట్ కూలర్లు కొత్త ఏఎమ్5 సాకెట్‌కు కూడా సరిపోవాలని, రైజెన్ తయారుచేసే ఏఎండీ ఈ తరానికి మూతను మందంగా చేసింది. ఇన్ని అడ్డంకులు దాటి వచ్చే వేడికి చివర్లో పేస్ట్ మందంగా ఉండి, బ్లాక్ ఒరిగి కూర్చుంటే ఇక చెప్పేదేముంది?

ఇక్కడ ఒక భ్రమ తొలగించాలి. 95 అనే అంకె దానంతటది రోగం కాదు. 2022 సెప్టెంబరులో ఈ ప్రాసెసర్లు వచ్చినప్పుడే ఏఎండీ ఆ మాట చెప్పింది: అన్ని కోర్లకూ పని పడితే ఇవి 95 దాకా వెళ్లి, అక్కడ నిలబడి, ఆ వేడిలో ఎంత వేగం దొరికితే అంత తీసుకుంటాయి. కాబట్టి చూడాల్సింది వేడి కాదు, 95కు చేరేటప్పటికి ఎన్ని వాట్లు లాగుతోందన్నది. 225, 230 వాట్ల దగ్గర 95 చూపిస్తే మీ బ్లాక్ బాగా కూర్చున్నట్టు. 160కే చూపిస్తే కూర్చోనట్టు. 41 డిగ్రీల నీళ్లతో, సరిగా బిగించిన మంచి బ్లాక్ కింద 160 వాట్లకు ఈ ప్రాసెసర్ 80కి అటూ ఇటూ ఉండాలి. పని లేనప్పటి 52 గురించి మాత్రం బెంగ వద్దు. 34 డిగ్రీల గదిలో ఈ తరం రైజెన్‌కు అది మామూలే. బ్రౌజర్‌లో ఒక ట్యాబ్ తెరిస్తే చాలు, ఒక కోరు ఎగిరి పడుతుంది, అంకె గంతులేస్తుంది.

ఇప్పుడు మీ ఫొటోలు. బ్లాక్ ఊడదీసిన ఫొటోను పెద్దది చేసి చాలాసేపు చూశాను. ప్రాసెసర్ మూత పై సగంలో పేస్ట్ ఉల్లిపొరలా పలచగా ఉంది, కింది నుంచి లోహం మెరుస్తోంది. బాగుంది. కింది సగంలో, అంటే గ్రాఫిక్స్ కార్డు వైపు, పేస్ట్ బూడిదరంగు ముద్దలా నిలిచిపోయింది. బ్లాక్ లాగినప్పుడు లేచిన చిన్న చిన్న గీతలు కూడా అక్కడే ఉన్నాయి. అంటే ఆ వైపు బ్లాక్ గట్టిగా ఆనలేదు. దురదృష్టం ఏమిటంటే కోర్లున్న రెండు చిప్పులూ సరిగ్గా ఆ వైపే ఉంటాయి. ఏఎమ్5 ప్రాసెసర్లలో వేడి కేంద్రం మూత మధ్యలో ఉండదు, కిందికి జరిగి ఉంటుంది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే.

ఎందుకు ఒరిగిందో మెషిన్ ఫొటో చెబుతోంది. బ్లాక్ నుంచి పైన ఉన్న రేడియేటర్‌కు వెళ్లే గొట్టాన్ని పొదుపుగా కోశారు. అది తంబురా తీగలా బిగుసుకుని ఉంది. బోర్డు ముందుకు పొడుచుకు వచ్చిన ఫిట్టింగ్‌ను (గొట్టం బిగించే మూతిని) అది పైకి లాగుతూ ఉంటే బ్లాక్ పై అంచు నొక్కుకుంటుంది, కింది అంచు లేస్తుంది. దానికి తోడు మీరు పై రెండు స్క్రూలను చివరి దాకా బిగించి ఆ తర్వాత కింది రెండింటి జోలికి వెళ్లి ఉంటారని నా అనుమానం. చాలామంది చేసేది అదే. ఒక వైపు కాలి కింద ఇటుక పెట్టిన మంచంలా తయారవుతుంది.

అదే ఫొటోలో ఇంకో తప్పు కూడా ఉంది. పంపు నుంచి వచ్చే గొట్టాన్ని మీరు బ్లాక్‌లోని కుడి రంధ్రానికి తగిలించారు. ఆ బ్లాక్ మీద ఎడమ రంధ్రం పక్కన లోపలికి చూపించే చిన్న బాణం చెక్కి ఉంది. ఫొటోలో వెలుతురు పడి సగమే కనిపిస్తోంది, చేతిలో పట్టుకుని చూస్తే మీకే తెలుస్తుంది. రేడియేటర్‌కు నీళ్లు ఏ వైపు నుంచి వెళ్లినా పట్టింపు లేదు. బ్లాక్‌కు ఉంది. దాని రాగి అడుగు లోపలి వైపు వెంట్రుకంత సన్నని గాడులు కోసి ఉంటాయి. వాటి మీద ఒక సన్నని చీలిక ఉన్న రేకు. వచ్చే నీళ్లు ఆ చీలికలో నుంచి జెట్‌లా దూకి, అడుగు మధ్యభాగాన్ని కొట్టి, రెండు పక్కలకూ చీలి బయటకు పోవాలి. తిరగేసి తగిలిస్తే నీళ్లు పక్కల నుంచి నింపాదిగా వచ్చి మధ్యలో కలిసి వెళ్లిపోతాయి. కూలింగ్ ఆగిపోదు, కానీ కొన్ని డిగ్రీలు పోతాయి. పోయేవి అక్కడే, ఆ 54లోనే.

రెండు తప్పులూ ఒకేసారి సరిచేయకండి. ముందు స్క్రూల పని. గొట్టాలు మెత్తనివి కాబట్టి నీళ్లు తీయకుండానే బ్లాక్‌ను నెమ్మదిగా పక్కకు తీయవచ్చు. బిగుసుకున్న గొట్టం అడ్డొస్తే ఆ పూటకు రేడియేటర్ స్క్రూలు వదులు చేసి కాస్త కిందికి దించండి. అసలు మందు ఆ గొట్టాన్ని మార్చడమే, అది నీళ్లు తీసిన రోజున చేద్దాం. తీసే ముందు పది నిమిషాలు మెషిన్ నడిపి ఆపండి, పేస్ట్ మెత్తబడుతుంది. ఏఎమ్4లో అయితే బ్లాక్‌తో పాటు ప్రాసెసర్ కూడా సాకెట్‌లో నుంచి ఊడి వచ్చి పిన్నులు వంగిపోయేవి. ఏఎమ్5లో పైన లోహపు చట్రం పట్టుకుని ఉంటుంది, ఆ భయం లేదు. బోర్డు వెనక పలక కూడా కింద పడదు, ఆ చట్రంతోనే బిగించి ఉంటుంది.

మూతను, బ్లాక్ అడుగును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. పోగులు రాలే పాత బనియను గుడ్డ వద్దు. కళ్లద్దాలు తుడిచే గుడ్డలాంటిది మంచిది. ఈ ప్రాసెసర్ మూతకు చుట్టూ పంటి గాట్ల లాంటి ఖాళీలు ఉంటాయి, పాత పేస్ట్ వాటిలో ఇరుక్కుంటుంది. మామూలు పేస్ట్ కరెంటును ప్రవహింపజేయదు కనుక అక్కడ కాస్త మిగిలినా ప్రమాదం లేదు. ఇయర్‌బడ్‌తో వచ్చినంత తీయండి, చాలు. పేస్ట్‌కు బదులు కొందరు పూసే లిక్విడ్ మెటల్ (ద్రవ లోహం) మాత్రం ఇక్కడ వాడకండి. అది కరెంటును మోస్తుంది, ఆ గాట్లలోనే చిన్న చిన్న కెపాసిటర్లు కూర్చుని ఉన్నాయి.

పేస్ట్ ఎంత అన్నదాని మీద జనం కొట్టుకుంటారు. నా మాట ఇది: మూతకు నాలుగు మూలల వైపు నాలుగు చిన్న చుక్కలు, మధ్యలో కందిగింజంత ఒకటి. కాస్త ఎక్కువైతే పక్కలకు కారిపోతుంది, తక్కువైతే మాత్రం చిప్పు మీద ఖాళీ మిగులుతుంది. ఎక్కువే నయం. బ్లాక్‌ను నిలువుగా కాకుండా, క్యాబినెట్‌ను పడుకోబెట్టి పై నుంచి దించండి. నాలుగు స్క్రూలనూ ముందు వేళ్లతోనే రెండేసి మరలు ఎక్కించండి. తర్వాత మూల నుంచి ఎదురు మూలకు, ఒక్కోదానికి సగం చుట్టు. మోటారు సైకిల్ ఇంజను హెడ్డు బిగించే మెకానిక్‌ను ఎప్పుడైనా గమనించారా? అదే పద్ధతి. స్ప్రింగులున్న స్క్రూలు ఒక చోట వాటంతట అవే ఆగిపోతాయి. అక్కడ ఆపండి. మణికట్టు బలం చూపించాల్సిన పని కాదిది.

ఇక్కడే మరో పని చెబుతాను, చాలామంది బద్ధకించేది. అలా బిగించిన బ్లాక్‌ను వెంటనే మళ్లీ ఊడదీసి అచ్చు చూడండి. పేస్ట్ అంతటా ఒకే పలచదనంతో, ముఖ్యంగా గ్రాఫిక్స్ కార్డు వైపు, పరుచుకుని ఉందా? ఉంటే తుడిచేసి కొత్త పేస్ట్‌తో మళ్లీ బిగించండి. ఒక పూట పేస్ట్ వృథా అవుతుంది. నాలుగు నెలల మీ సందేహం తీరుతుంది. అన్నట్టు, బ్లాక్ అడుగున పారదర్శకమైన ప్లాస్టిక్ పొర అంటించి అమ్ముతారు. దాన్ని తీయకుండా బిగించినవారిని ఇద్దరిని చూశాను, ఒకరు ఇంజినీరు. మీ ఫొటోలో ఆ పొర లేదు.

బిగించాక, ప్రాసెసర్‌కు పూర్తి పని పెట్టి స్కోరు ఇచ్చే సినీబెంచ్ ఆర్23తో పది నిమిషాల పరీక్ష పెట్టి, మళ్లీ నాలుగు అంకెలూ రాసుకోండి. ఒక వింత చెబుతాను, అప్పుడు కంగారు పడకండి. ప్రాసెసర్ మళ్లీ 90 దాటవచ్చు, 95 కూడా చూపించవచ్చు. కానీ వాట్లు 160 నుంచి 200 పైకి పోయి ఉంటాయి, స్కోరు పెరిగి ఉంటుంది. దాహం తీరిన మనిషి ఇంకా వేగంగా పరుగెత్తినట్టు, మీరు ఇచ్చిన చల్లదనాన్ని అది వేగంగా మార్చుకుంటుంది. 95ను చూసి "ఏమీ మారలేదు" అని నిరాశపడేవారు వాట్లు చూడనివారే.

ఆ తర్వాత, మరో రోజు, గొట్టాలు మార్చే పని. ఎలాగూ నీళ్లు తీస్తారు కనుక బ్లాక్ విప్పి లోపల చూడండి. గాడులను వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే దువ్వెనలో చిక్కిన పీచులా ఏదైనా ఉంటే కనిపిస్తుంది. కొత్త రేడియేటర్లో టంకం వేసినప్పటి మురికి మిగిలి ఉంటుంది. కడగకుండా వాడితే అదంతా వచ్చి చేరేది ఈ గాడుల్లోకే. మెత్తని టూత్‌బ్రష్, డిస్టిల్డ్ వాటర్ చాలు. విప్పేటప్పుడు రేకు ఏ వైపుగా కూర్చుందో ఫోనులో ఫొటో తీసుకోండి. తిరిగి పెట్టేటప్పుడు నల్లని రబ్బరు రింగు దాని గాడిలో మెలి తిరగకుండా పూర్తిగా కూర్చోవాలి. ఫిట్టింగులను చేత్తోనే బిగించండి. నీళ్లను ఆపేది మర కాదు, కింద ఉన్న ఆ రబ్బరు రింగు. స్పానరు పెట్టి తిప్పితే పైన ఉన్న అక్రిలిక్ పగులుతుంది, ఆ పగులు మొదటి రోజు కనిపించదు కూడా. పైకి వెళ్లే గొట్టాన్ని ఈసారి కాస్త వంపు తిరిగేలా పొడవుగా కోయండి. పంపు నుంచి వచ్చే గొట్టాన్ని బాణం ఉన్న ఎడమ రంధ్రానికి మార్చండి.

నీళ్లు నింపి చూసేటప్పుడు పంపుకు తప్ప దేనికీ కరెంటు ఇవ్వకూడదు. మదర్‌బోర్డుకు, గ్రాఫిక్స్ కార్డుకు వెళ్లే కేబుళ్లన్నీ పీకేయండి. ఎస్ఎంపీఎస్ ఒక్కదాన్నే ఆన్ చేయడానికి 24 పిన్నుల కనెక్టర్‌లో ఆకుపచ్చ తీగను ఏదైనా నల్ల తీగతో కలపాలి. ఈ రోజుల్లో తీగలన్నీ నల్లగానే వస్తున్నాయి. అలాంటప్పుడు ఊహించి గుచ్చకండి, ఈ పనికే అమ్మే చిన్న ప్లగ్గు తెచ్చుకోండి. పంపు పొడిగా తిరగకూడదు, డీ5 లోపలి బేరింగుకు నీళ్లే నూనె. రిజర్వాయర్ (నీళ్లు నిల్వ ఉండే తొట్టి) నింపడం, రెండు సెకన్లు తిప్పడం, ఆపడం, మళ్లీ నింపడం. ప్రతి జాయింటు కింద టిష్యూ కాగితం పరవండి. వార్తాపత్రిక వద్దు, ఒక్క చుక్క పడితే దాని మీద కనిపించదు. ఒక రాత్రంతా మీరు మేలుకుని చూడనక్కర్లేదు కానీ పగటి పూట ఆరేడు గంటలు తిరగనివ్వండి. మధ్యమధ్యలో క్యాబినెట్‌ను ముందుకూ వెనక్కూ వంచితే రేడియేటర్‌లో చిక్కుకున్న గాలి బుడగలు పైకి వస్తాయి.

ఏ నీళ్లు పోశారో మీరు రాయలేదు. అది రాయనివారంటే నాకు కాస్త భయం, ఎందుకంటే ఒకప్పుడు నేనూ రాసేవాణ్ణి కాదు. నలభై రూపాయలు మిగులుతాయని ఇంట్లోని ఆర్వో నీళ్లు పోశాను. ఆరు నెలలకు గొట్టం లోపల చెరువు గట్టు మీద రాయిలా పచ్చటి జిగురు పట్టింది, బ్లాక్ గాడుల్లో తెల్లటి పొర. ఆర్వో నీళ్లు డిస్టిల్డ్ వాటర్ కావు, వాటిలో లవణాలు కొంత మిగిలే ఉంటాయి. మనలో చాలామంది ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటరే దీనికీ సరిపోతుంది. సీసా మీద రాసింది చదివి కొనండి, ఆ కొట్లోనే బ్యాటరీ యాసిడ్ కూడా అమ్ముతారు. దానిలో తుప్పును, నాచును ఆపే మందు కలపాలి. లేదా రెండూ కలిపి వచ్చే పారదర్శకమైన కూలెంట్ కొనండి. పాలలా చిక్కగా మెరిసే రంగుల కూలెంట్లు ఫొటోలకు అందంగా ఉంటాయి. వాటిలోని రంగు పొడి కొన్నాళ్లకు పేరుకునేది మళ్లీ ఆ గాడుల్లోనే. ఇంకొకటి, మీ రేడియేటర్ రాగి, ఇత్తడిదేనా చూసుకోండి. చవకగా దొరికే కొన్ని అల్యూమినియంవి. రాగి, అల్యూమినియం ఒకే నీళ్లలో ఉంటే అదొక బ్యాటరీలా పనిచేస్తుంది, అల్యూమినియం కొద్దికొద్దిగా తినుకుపోతుంది. అలాంటిదైతే ఆ రేడియేటర్‌ను మార్చక తప్పదు. దుకాణంవారు చెప్పిన కారణానికి మాత్రం కాదు.

పెద్ద పంపు సంగతికి చిన్న లెక్క చాలు. నిమిషానికి ఒక లీటరు నీళ్లు ప్రవహిస్తుంటే, 230 వాట్ల వేడికి బ్లాక్‌లోకి వెళ్లే నీళ్లకూ బయటకు వచ్చే నీళ్లకూ తేడా మూడు డిగ్రీల పైచిలుకు. మూడు లీటర్లయితే దాదాపు ఒక డిగ్రీ. ఇంకా పెంచితే ఆ ఒక్క డిగ్రీలోనే మీకు దక్కేదేదో దక్కాలి. మీ డీ5 సగానికి పైన వేగంతో తిరిగితే ఒక బ్లాక్, ఒక రేడియేటర్ ఆనందంగా నడుస్తాయి. పంపు వేగం తీగను (కరెంటు తీగను కాదు) బోర్డు మీద ప్రాసెసర్ ఫ్యాన్ పిన్నులకు తగిలించి, వేగం అక్కడ స్థిరంగా పెట్టేయండి. ఎప్పుడైనా పంపు ఆగితే కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడే బోర్డు అరుస్తుంది. చాలా ఏళ్ల కిందట ఈ సరదా మొదలైనప్పుడు జనం చేపల తొట్టి పంపులూ, కార్లలో హీటరు కోసం పెట్టే చిన్న రేడియేటర్లూ తగిలించి నడిపేవారు. పంపు బలం ఎప్పుడూ పెద్ద అడ్డంకి కాలేదు.

ఐసు మాట మర్చిపోండి. గది 34 డిగ్రీలు, గాలిలో తేమ 60 శాతం ఉన్న రోజున 25 డిగ్రీల కంటే చల్లగా ఉన్న ఏ వస్తువుకైనా చెమట పడుతుంది. ఫ్రిజ్‌లో నుంచి తీసిన స్టీలు చెంబు చూడండి. మీ బ్లాకూ అలాగే చెమటలు పడుతుంది, ఆ చుక్కలు జారేది ప్రాసెసర్ సాకెట్ మీదికి. మామూలు వాటర్ కూలింగ్‌లో ఆ గొడవే లేదు, ఎందుకంటే నీళ్లు ఎప్పటికీ గది కంటే చల్లబడవు. ఇది మేలు, హద్దు కూడా. మే నెలలో మీ గది 38 అయితే నీళ్లు 45 అవుతాయి, ఏ రేడియేటరూ దాన్ని 38 కిందికి దించలేదు. గదికి ఏసీ వేసి 27 చేస్తే మాత్రం నీళ్లు 34కు, వాటితో పాటు ప్రాసెసర్ కూడా దిగుతాయి. మీ డబ్బు ఖర్చు పెట్టే చోటు ఏదైనా ఉంటే అది.

ఇక ఫ్యాన్లు. బోర్డులో ముందే ఉన్న లెక్క ప్రకారం అవి ప్రాసెసర్ వేడిని చూసి తిరుగుతాయి. నీళ్లున్న చోట అది తెలివి తక్కువ పని. ప్రాసెసర్ కన్ను మూసి తెరిచేలోగా ముప్పై డిగ్రీలు ఎగురుతుంది, నీళ్లు ఒక్క డిగ్రీ కదలడానికి నిమిషం పట్టవచ్చు. ఫ్యాన్లు అరిచి, ఆగి, అరిచి మీ చెవులు తింటాయి కానీ చల్లబరిచేదేమీ లేదు. మీకు నీళ్ల సెన్సర్ ఉంది కదా, బయాస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగుల తెరలో) రేడియేటర్ ఫ్యాన్లను దానికి కట్టేయండి. నీళ్లు 38 వరకు నలభై శాతం వేగం, అక్కడి నుంచి మెల్లగా పెరుగుతూ 46 దగ్గర పూర్తి వేగం. సంక్రాంతి రోజుల్లో గది 24 ఉన్నప్పుడు ఈ అంకెలు ఒక పది దించుకోండి.

బ్లాక్ సరిగా కూర్చున్నాక చేయదగిన అసలు మెరుగు బయాస్‌లో ఉంది. పీబీఓ (ప్రాసెసర్ వేగాన్ని సర్దే సెట్టింగు) కింద కర్వ్ ఆప్టిమైజర్ అని ఉంటుంది. అన్ని కోర్లకూ మైనస్ 10 ఇచ్చి చూడండి. ఒక్కో అంకెకు సుమారు 3 నుంచి 5 మిల్లీవోల్టులు తగ్గుతాయి. అదే వేగానికి వేడి తగ్గుతుంది, లేదా అదే వేడికి వేగం పెరుగుతుంది. రెండు రోజులు నిలకడగా ఉంటే 15, ఆ పైన 20. తేడా వస్తే అది రెండరింగ్ మధ్యలో రాదు, మీరు టీ తాగడానికి వెళ్లినప్పుడు, పని లేక ఒక కోరు మాత్రమే పైకి లేచినప్పుడు వస్తుంది. కంప్యూటర్ దానంతటదే రీస్టార్ట్ అయితే నాలుగైదు అంకెలు వెనక్కి రండి. రాత్రంతా నడిచే రెండర్లకు మాత్రం నా సలహా వేరు: 105 వాట్ల ఎకో మోడ్, అంటే ప్రాసెసర్‌ను తక్కువ కరెంటుతో నడిపే సెట్టింగు. పేరు 105 అయినా పీపీటీ హద్దు 142 వాట్లు. ఈ ప్రాసెసర్ చివరి డెబ్బై, ఎనభై వాట్లను కాల్చి తెచ్చేది కొద్ది శాతం వేగమే. ఆ వేడంతా మళ్లీ మీ గదిలోకే, మీ ఏసీ మీదికే.

కొన్ని బ్లాకులకు ఏఎమ్5 కోసం కిందికి జరిపి బిగించే పట్టీలు దొరుకుతున్నాయి. గాలి కూలర్లకు అలాంటి పట్టీలు చేసిన నాక్టువా వాటితో ఒకటి నుంచి మూడు డిగ్రీలు తగ్గుతుందంది. మీ బ్లాక్ కంపెనీది దొరికితే, ధర వందల్లో ఉంటే కొనండి. దాని కోసం ఊళ్లు తిరగకండి.

మీ అమ్మగారి ప్రశ్న మిగిలింది. ఆవిడ అడిగింది తప్పేమీ కాదు, ఈ ఉత్తరంలో అందరికంటే తెలివైన ప్రశ్న ఆవిడదే. గొట్టం ఊడితే లీటరు నీళ్లు పడేది గ్రాఫిక్స్ కార్డు మీద, దాని కింద ఎస్ఎంపీఎస్ మీద. అందుకే కొత్తగా బిగించాక మొదటి వారం రాత్రి పూట రెండరింగ్ పెట్టకండి. రోజూ ఉదయం ఫిట్టింగుల కింద వేలితో తడిమి చూడండి, రిజర్వాయర్‌లో నీటి మట్టం దగ్గర పెన్నుతో గీత పెట్టుకోండి. గాలి బుడగలు పోయేకొద్దీ మొదట్లో ఒకటి రెండు మిల్లీమీటర్లు దిగుతుంది, ఆ తర్వాత నిలబడాలి. నిలబడకపోతే నీళ్లు ఎక్కడికో పోతున్నాయి. ఆ వారం పాటు పడుకునే ముందు గోడ దగ్గర స్విచ్ ఆపేసే పని అమ్మగారికే అప్పగించండి.